బరంపురంలో ఒక షిల్కా

మేము శ్రీకాకుళం జిల్లా నుంచి ఉద్యోగరీత్యా బరంపురం వచ్చి స్థిరపడినవాళ్ళం. ఇచ్ఛాపురం దాటితే దగ్గరలోనే ఉన్న ఊరు ఇది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందువల్ల ఇక్కడి తెలుగువాళ్ళను ప్రవాసులు అనడానికి కొందరు ఒప్పుకోరు. అయితే బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతూ, వీధిలో ఒడియాలో ఆడుకుంటూ, తెలుగును ఇంటి గడప లోపల మాత్రమే వినే ఇద్దరు పిల్లల తల్లిగా నాకు ఆ మాట సరైనదే అనిపిస్తుంది.

ఊరికి దగ్గరలో, గోపాల్‌పూర్‌ తీరాన, సైన్యపు ఎయిర్‌ డిఫెన్స్‌ కళాశాల ఉంది. అక్కడివాళ్ళు ఎలాంటి ఆయుధాలు నేర్చుకుంటారోనని ఆరా తీయడంతో మా పెద్దమ్మాయికి షిల్కా మీద ఇష్టం మొదలైంది. షిల్కా అంటే రష్యాలోని ఒక నది పేరు. ఆ పేరుతో సోవియట్‌ యూనియన్‌ 1964 నుంచి 1982 వరకు తయారుచేసిన విమాన విధ్వంసక వాహనంలో 23 మిల్లీమీటర్ల తుపాకులు నాలుగు ఒకే టరెట్‌లో (చుట్టూ తిరిగే తుపాకీ గూడులో) ఉంటాయి, వెనుక రాడార్‌ ఉంటుంది, లోపల నలుగురు సిబ్బంది కూర్చుంటారు. మన సైన్యం కూడా దీన్ని వాడుతుంది. పుట్టినరోజుకు మా తమ్ముడు 1:35 కొలతలో, అంటే అసలు బండిలో 35వ వంతు సైజులో, దీని మోడల్‌ కిట్‌ పంపాడు. దాన్ని పెట్టెలో ఉన్నట్లు అతికించి ఊరుకోకుండా, నాసిగా ఉన్న భాగాలన్నిటినీ తీసేసి స్వయంగా చేసుకుంటానని అమ్మాయి పట్టుబట్టింది.

ఈ పనిలో మొదటి పాఠం మందం. అసలు వాహనపు టరెట్‌ ఉక్కు 9 మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్ని 35తో భాగిస్తే పావు మిల్లీమీటరు వస్తుంది. కిట్‌లోని మూతలు, మడ్‌గార్డులు మాత్రం ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందాన ఉన్నాయి. అంటే ఆ లెక్కన అసలు బండికి 35 మిల్లీమీటర్ల రేకు మడ్‌గార్డు ఉన్నట్లు! అందుకని టరెట్‌ మూతలకు పావు మిల్లీమీటరు ప్లాస్టిక్‌ షీటు వాడింది. మడ్‌గార్డులకు ఖాళీ కూల్‌డ్రింకు డబ్బా రేకును కత్తిరించి, అంచును స్టీలు స్కేలుకు ఆనించి వంచింది. లోహపు రేకు కావడంతో, నిజమైన బండికి తగిలే చిన్న సొట్టలు కూడా దానికి సహజంగా వచ్చాయి. తుపాకీ గొట్టం లోపలి రంధ్రం 35వ వంతుకు తగ్గిస్తే 0.66 మిల్లీమీటర్లు; వాడని 19 గేజి ఇంజెక్షన్‌ సూది రంధ్రం దాదాపు అంతే. సూది మొనను ముందుగా నేనే ఆకురాయితో అరగదీసి ఇస్తాను. కటింగ్‌ ప్లేయరుతో కత్తిరిస్తే రంధ్రం నలిగి మూసుకుపోతుంది కనుక, చుట్టూ గాడి పడేలా ఆకురాయితో గీసి, ఆ గాడి దగ్గర విరవాలి.

ఈ కిటుకు చెప్పినది టెక్కలిలో ఉంటున్న మా నాన్న. ఆయన చాలాకాలం లేత్‌ మిషన్‌ మీద టర్నర్‌గా పనిచేశారు. షిల్కా గొట్టాల కొసలు గరాటు లాగా విచ్చుకుని ఉంటాయి. కిట్‌లోని గరాట్లు మొద్దుగా, లోపల రంధ్రం లేకుండా ఉన్నాయి. లేత్‌ లేని ఇంట్లో అంత చిన్న గరాటును ఎలా చేయాలని తాతను అడగడానికి అమ్మాయి ఫోను చేసింది. అంతకుముందు వాళ్ళ సంభాషణ “బాగున్నావా, తిన్నావా” దగ్గరే ఆగిపోయేది. ఆ సాయంత్రం మాత్రం ఇత్తడి కడ్డీని చేతి డ్రిల్లుకు బిగించి, ఒకరు నింపాదిగా తిప్పుతుంటే మరొకరు సన్నని ఆకురాయిని ఏ కోణంలో ఆనించాలో, రంధ్రం ముందు వేయాలో వెనుక వేయాలో ఆయన చాలాసేపు చెప్పారు. “రంధ్రం ముందు వెయ్యమ్మా, తర్వాత దాని చుట్టూ చెక్కు, అప్పుడే మధ్య తప్పదు” అన్నారు. అమ్మాయికి అర్థం కానిచోట ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ అడిగింది. ఎందుకంటే తప్పు అర్థం చేసుకుంటే ఇత్తడి పాడవుతుంది. నేను ఇంట్లో కూర్చోబెట్టి చదివించిన వాచకాల వల్ల రాని శ్రద్ధ అది. పిల్లలకు ఒక భాషతో తీరవలసిన అవసరం ఉంటే ఆ భాష నిలుస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. అవసరం కల్పించకుండా అభిమానాన్ని మాత్రమే నూరిపోయడం వాళ్ళకు భారం.

లాగుడు తాడు సంగతి ఇంకా బాగుంటుంది. బండి మీద కట్టే ఉక్కు తాడు కోసం పాత కరెంటు తీగలోని సన్నని రాగిపోగులను మెలిపెడితే, చేతులు వదలగానే పురి విడిపోయేది. బరంపురం పట్టుకు పేరుపడ్డ ఊరు. ఇక్కడ పట్టు నేసే దేరా కులస్థులలో తెలుగు మూలాలున్న కుటుంబాలు ఉన్నాయి. మాకు తెలిసిన అలాంటి ఒక మామ్మగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆవిడ రాగిపోగులను వేళ్ళ మధ్య పట్టుకుని, ముందు ఒక్కొక్క పేటను కుడివైపుకు పురిపెట్టి, తర్వాత ఆ పేటలన్నిటినీ కలిపి ఎడమవైపుకు తిప్పారు. రెండు పురులూ ఎదురెదురుగా బిగుసుకోవడంతో తాడు కదలకుండా నిలిచింది. నిజమైన ఉక్కు తాళ్ళను కూడా ఇదే సూత్రంతో పేనుతారని అమ్మాయి ఫొటోలలో చూసి నిర్ధారించుకుంది. మామ్మగారు మాట్లాడే తెలుగులో సగం ఒడియా కలిసి ఉంటుంది. మా అత్తగారి ఊరి బంధువులు అలాంటి తెలుగును చెడిపోయినదంటారు, నేను ఒప్పుకోను. మగ్గం మీద తరాలుగా పట్టు నేసిన చేతులతో పాటు వచ్చిన మాట అది.

బండి చక్రాల చుట్టూ తిరిగే పట్టీలకు, అంటే చైన్లకు మాత్రం ఒడియా వైపు నుంచే దారి దొరికింది. షిల్కాకు ఒక్కో వైపు 93 లింకులు, వెడల్పు 382 మిల్లీమీటర్లు. మోడల్‌లో అది 11 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. కిట్‌లో రబ్బరు పట్టీ ఇచ్చారు, అది చక్రాల మధ్య బరువుకు జారినట్లు వాలదు. అమ్మాయి స్నేహితురాలి బంధువులు బెల్లగుంఠలో ఇత్తడి చేపలు చేస్తారు. అవి చిన్న చిన్న ముక్కలను ఒకదానిలో ఒకటి అమర్చి కూర్చినవి, చేతిలో పట్టుకుంటే బతికిన చేపలాగే మెలికలు తిరుగుతాయి. ఆ ఇంటి పెద్దాయనను పిల్లలిద్దరూ మౌసా (బాబాయి) అని పిలుస్తారు. కీలు వదులుగా ఉంటే చేప తోక వేలాడిపోతుందనీ, బిగుతుగా ఉంటే ఒంగదనీ, ప్రతి ముక్కనూ పక్క ముక్కతో కలిపి చూస్తూ ఆకురాయి పెట్టాలే తప్ప అన్నిటినీ ఒకేసారి కోసి పెట్టుకోకూడదనీ ఆయన ఒడియాలో చెప్పారు. అమ్మాయి ఆ పద్ధతినే ప్లాస్టిక్‌ లింకులకు, సన్నని తీగ పిన్నులకు పాటిస్తోంది. ఎడమ చైను పూర్తయింది. స్ప్రాకెట్‌ అనే పళ్ళ చక్రం మీద వంగుతోంది, పైన చక్రాల మీద చక్కగా వాలుతోంది.

యుద్ధవాహనం పిల్లల చేతికి ఎందుకని మా బంధువులు అడిగారు. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేదు. 1973 అక్టోబరు యుద్ధంలో క్షిపణుల భయంతో తక్కువ ఎత్తుకు దిగివచ్చిన ఇజ్రాయెల్‌ విమానాలను ఈ షిల్కాలే కాల్చాయని అమ్మాయికి చెప్పాను. పైన పైలట్‌, కింద ఇరుకైన ఇనుప పెట్టెలో నలుగురు, అందరూ ఎవరో ఒకరి పిల్లలేనని కూడా చెప్పాను. ఆ తర్వాత తాను పైమూతలలో ఒకదాన్ని తెరిచి ఉంచి, కమాండర్‌ బొమ్మను నిలబెట్టాలని నిర్ణయించుకుంది. కంటోన్మెంటు దగ్గర ఫొటోలు తీయకూడదన్నది మా ఇంటి నియమం. ప్రచురితమైన చిత్రాలు, కొలతల పటాలు చాలు. ఏ రెజిమెంటు గుర్తూ వేయవద్దని కూడా అనుకున్నాం, తెలియని చిహ్నాన్ని ఊహించి వేయడం ఆ సైనికుల పట్ల మర్యాద కాదు.

ఇక మిగిలినది కుడి చైను, రాడార్‌ పళ్ళెం. వేడిచేసిన ప్లాస్టిక్‌ షీటును గుండ్రని గరిటె వెనుక భాగం మీద సాగదీసి పళ్ళెం చేయాలని అమ్మాయి ఆలోచన. సాగినచోట షీటు పలచబడి అంచు సమంగా రాదని తాతగారి అనుమానం. చెక్క అచ్చు చెక్కి పెడతానని ఆయన అన్నారు. సంక్రాంతికి టెక్కలి వెళ్ళినప్పుడు రెండు పద్ధతులూ చేసి చూస్తారట.