స్కైలైన్ డ్రైవ్‌లో అంబాసిడర్ ఇంజను

అక్టోబరులో ఆకులు రంగులు మారేటప్పుడు, వర్జీనియాలోని షెనండోవా నేషనల్ పార్కు కొండల మీద పోయే స్కైలైన్ డ్రైవ్ రోడ్డు ఎలా ఉంటుందో యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఫ్రంట్ రాయల్ గేటు దగ్గర కార్ల బారు, ఆ బారులో సగం మంది మనవాళ్లే. ఆకుల కంటే పార్కింగ్ వెతుక్కోవడమే ఎక్కువ. అందుకే ఈసారి వెళ్లేది లేదని ఇంట్లో ముందే చెప్పేశాను. ఇంతలో పక్కింటి పెద్దాయన వచ్చి, "శనివారం మా క్లబ్బు కార్లన్నీ కొండెక్కుతున్నాయి, నా పక్క సీటు ఖాళీగా ఉంది, వస్తావా?" అని అడిగారు.

ఆయన టెలిఫోన్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. గ్యారేజీలో 1972 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ కారు ఉంది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, పైన మడిచేసే గుడ్డ టాపు. వారమంతా దాని కింద పడుకుని ఏదో విప్పుతూ బిగిస్తూ ఉంటారు. క్లబ్బు కూడా అలాంటి వాళ్లదే: 50, 60, 70ల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఉన్న చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. నెలకోసారి భోజనం, అప్పుడప్పుడు ఒకరి గ్యారేజీలో రిపేరు పాఠం, వేసవిలో పార్కులో ప్రదర్శన, ఆకులు పండే రోజుల్లో ఈ కొండ యాత్ర. మా ఆవిడ "రెండు సీట్ల కారులో నాకెక్కడ చోటుంటుందండీ" అని చాలా బాధగా అనేసి, హాయిగా దుప్పటి ముసుగేసుకుంది.

పొద్దున్న ఎనిమిదింటికి హేమార్కెట్‌లో ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో కలుసుకున్నాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఒక్కరూ టాపు వెయ్యలేదు. మెడకు సిల్కు గుడ్డ కట్టుకున్న డబ్బున్న పెద్దమనుషులు కనపడతారనుకున్నాను. అందరి చేతులకీ గ్రీజే. దిగీదిగగానే ప్రతివాళ్లూ డిక్కీలోంచి ఒక అట్టముక్క తీసి కారు కింద పెట్టారు. పార్కింగ్ నేల మీద ఆయిల్ మరకలు పడకుండా అట. "నీది కారట్లేదేంటి? లోపల ఆయిల్ అయిపోయిందేమో చూసుకో" అని ఒకరినొకరు ఆటపట్టించుకోవడం వీళ్లకు గుడ్ మార్నింగ్ కింద లెక్క.

ట్రయంఫ్ టీఆర్6లు, లైట్లు బానెట్ మీదికి పొడుచుకొచ్చిన బగ్‌ఐ స్ప్రైట్, ఆస్టిన్ హీలీ 3000, ఒక జాగ్వార్ ఈ-టైప్. జాగ్వార్ చుట్టూ జనం మూగారు కానీ, నేను నిలబడిపోయింది ఎవరూ పట్టించుకోని పసుపుపచ్చ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ దగ్గర. దాని బానెట్, మడ్‌గార్డులు అన్నీ కలిపి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. ఇది ఎక్కడో చూశానే అనుకుంటుంటే ఓనరే చెప్పాడు, ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి దీన్ని చేశారని. హెరాల్డ్ అంటే మన మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డే! రాజమండ్రిలో మా డాక్టరుగారి కారు. బానెట్ అలా ఎత్తి పెట్టినప్పుడల్లా వీధి పిల్లలం చుట్టూ చేరేవాళ్లం.

బయల్దేరే ముందు అందరికీ దారి కాగితం పంచారు. రూళ్లు రెండే. మలుపు దగ్గర వెనకవాడు కనపడేదాకా ఆగాలి. ఎవరి కారు ఆగినా పరుగెత్తుకెళ్లి గుంపుగా చేరకూడదు, అందరికంటే వెనక పనిముట్ల పెట్టెతో ఒక ట్రక్కు వస్తుంది, అది చూసుకుంటుంది. రెండో రూలును రోజంతా ఎవరూ పాటించలేదు. 66వ నంబరు పెద్ద హైవే ఎక్కే మాటే లేదు. అందుకని 55వ నంబరు పాత రోడ్డు మీదే ది ప్లెయిన్స్, మార్షల్, లిండెన్ మీదుగా వెళ్లాం. ఇన్నేళ్లుగా 66 మీద గంటకు 75 మైళ్లతో దూసుకుపోతూ, పక్కనే ఇంత చక్కటి రోడ్డు ఉందని నేను గమనించనే లేదు.

ఎంజీబీలో కూర్చోవడమంటే పీట మీద కూర్చోవడమే. ఎదురొచ్చే లారీ చక్రాలు నా చెవి ఎత్తున తిరుగుతున్నాయి. పెద్దాయన తాళం తిప్పగానే నా సీటు వెనకాల కింద ఎక్కడో టిక్ టిక్ టిక్ అని మొదలైంది. ముందు గబగబా కొట్టుకుని, తర్వాత నెమ్మదించి, ఆగింది. "పెట్రోలు పంపు. కార్బొరేటర్ గిన్నెలు నిండగానే ఊరుకుంటుంది. ఆ టిక్ వినపడినంతసేపూ నిశ్చింత" అన్నారు.

ఫ్రంట్ రాయల్ గేటు దగ్గర అనుకున్నంతా అయింది. అడుగు కదలడం, ఆగడం. పాత కార్లకు ఇదే గండం, గాలి తగలక ఇంజను వేడెక్కిపోతుంది. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే పెద్దాయన హీటర్ పూర్తిగా తిప్పేశారు. ఇంజను వేడిని కారు లోపలికి లాగెయ్యడం అన్నమాట. ఇంజను చల్లబడింది, నా పాదాలు ఉడికాయి, చెవులు మాత్రం గడ్డ కట్టుకుపోయాయి. ముందున్న హీలీ ఓనరు బూట్లు విప్పేసి కూర్చున్నాడు.

గేటు దగ్గర నాకు ఇంకో మంట. మేం ఏటా వచ్చి కారుకు 30 డాలర్లు కడతాం. టికెట్టు ఏడు రోజులు చెల్లుతుంది, వాడుకునేది ఒక్క పూట. ఈ క్లబ్బులో చాలామంది 2017కు ముందే సీనియర్ల పాసు కొనేసుకున్నారు. పది డాలర్లు, జీవితాంతం! కిటికీలోంచి పాసు ఆడించి నవ్వుతూ పోతున్నారు. తర్వాత దాన్ని 80 చేశారనుకోండి, అదీ చవకే. నాకు 62 రావడానికి ఇంకా చాలా ఉంది.

లోపల 35 మైళ్ల స్పీడ్ లిమిట్. మామూలుగా నాకు విసుగు. ఈ కారులో 35 కూడా జోరుగానే ఉంది. పైన టాపు లేదు కాబట్టి ఆకుల వాసన, తడి మట్టి వాసన, ముందు కారు పెట్రోలు వాసన, అన్నీ కలిసి ముక్కులోకే. 1930లలో పని లేని కుర్రాళ్లకు ప్రభుత్వం పనిప్పించి కట్టించిన రాతి గోడలు పక్కనే, చెయ్యి చాపితే తగిలేట్టు పోతున్నాయి. మా ఎస్‌యూవీలోంచి ఆ గోడలు నాకు ఎప్పుడూ కనపడలేదు.

థార్న్‌టన్ గ్యాప్ అనే కనుమ ఇంకో రెండు మూడు మైళ్లు ఉందనగా ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది, ఆగిపోయింది. అదృష్టం కొద్దీ పక్కనే ఓవర్‌లుక్ (లోయ చూడ్డానికి కార్లు ఆపుకునే చోటు), ఆ ఊపులోనే అందులోకి దొర్లించారు. తాళం తిప్పారు. టిక్ లేదు. నాకు టెన్షన్. పెద్దాయన మొహంలో మాత్రం అచ్చంగా సంతోషం! డిక్కీలోంచి ఒక పాత చాప, కొయ్యసుత్తి తీసుకుని కుడి వెనక చక్రం దగ్గర కిందికి దూరి ఠప్పుమని ఒకటి కొట్టారు. టిక్ టిక్. నాలుగుసార్లు కొట్టుకుని మళ్లీ మూగబోయింది.

ఈలోగా నాలుగు కార్లు ఆగాయి. ఎనిమిది మంది, పది అభిప్రాయాలు. మనవాళ్ల కుటుంబం ఒకటి దిగి, "అన్నా, ఈ కారు రెంటుకెక్కడ దొరుకుతుంది? పాపను ఒకసారి కూర్చోబెట్టి ఫొటో తీసుకోవచ్చా?" అన్నారు. కింద పెద్దాయన కాళ్లు కనపడుతుండగానే పాప స్టీరింగ్ పట్టుకుని నాలుగు ఫొటోలు దిగింది.

ఫోన్‌లో రెండు గీతలు సిగ్నల్ ఉంది. మా బాబాయి గుర్తొచ్చాడు. రాజమండ్రి స్టేషన్ దగ్గర స్టాండులో ఏళ్ల తరబడి అంబాసిడర్ టాక్సీ నడిపిన మనిషి. అన్నవరం సత్యనారాయణస్వామి వ్రతాలకు, పెళ్లి ట్రిప్పులకు ఆ బండే. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది, భోజనం చేసి మంచం మీద ఉన్నాడు. వీడియోలో చూపించాను.

"ఎయిర్ లాకయిందేమో, పంపు మీద తడిగుడ్డ వెయ్యమనరా."

"ఇక్కడ చలికి చస్తున్నాం బాబాయ్. పంపు కరెంటుది, లోపల పాయింట్లకు మసి పట్టిందంటున్నారు."

ఆ పంపులో అయస్కాంతం పొరను లాగుతుంది, చివరికి రాగానే పాయింట్లు అనే కరెంటు బిళ్లలు విడిపోయి కరెంటు ఆగుతుంది, స్ప్రింగు వెనక్కి తోస్తుంది. అదే టిక్. పాయింట్లకు మసి పడితే కరెంటు అందక అంతా అక్కడే ఆగిపోతుంది. బగ్‌ఐ ఓనరు చిన్న ఆకురాయి పట్టుకొచ్చాడు. బాబాయి మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "ఒద్దొద్దు! రాపిడి పెడితే గీతలు పడి మళ్లీ కాలతాయి. గట్టి కాగితం పెట్టి లాగమను, నల్లగా వచ్చినన్ని సార్లు లాగమను."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆకురాయి వెనక్కి వెళ్లింది. గట్టి కాగితం ఎవరి దగ్గరా లేదు, నా పర్సులో ఆఫీసు విజిటింగ్ కార్డు ఉంది. పెద్దాయన దాన్ని సన్నటి పట్టీలుగా చింపి, పంపు మూత విప్పి పాయింట్ల మధ్య పెట్టి లాగారు. నల్ల గీత. ఇంకో పట్టీ, బూడిద రంగు. మూడోది దాదాపు తెల్లగానే వచ్చింది. ఆ కార్డులు ప్రింటయి వచ్చినప్పటినుంచి ఒక్కటైనా ఎవరికైనా పనికిరావడం ఇదే.

తాళం తిప్పితే టిక్ టిక్ టిక్. ఎనిమిది మందీ చప్పట్లు కొట్టారు. బాబాయి మాత్రం ఫోన్ పెట్టనివ్వడు. "బానెట్ ఎత్తించు, ఇంజను చూడాలి" అన్నాడు. చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, ఇది అంబాసిడర్ ఇంజను కదరా!" అన్నాడు.

అవును, అదే వంశం. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బీ-సిరీస్ ఇంజను. మన అంబాసిడర్‌లో 1489 సీసీ. ఎంజీబీలో దాన్నే పెంచి 1798 సీసీ చేసి, రెండు కార్బొరేటర్లు తగిలించారు. అంతకు ముందు 1955లో వచ్చిన ఎంజీఏలో అయితే మొదట పెట్టింది ఆ 1489 సీసీనే. అంటే ఇక్కడ వీళ్లు రంగులేసి, పాలిష్ పెట్టి, ప్రదర్శనల్లో కప్పులు గెలుచుకుంటున్న సరుకే, అక్కడ తొమ్మిది మందినీ పెళ్లి సామాన్లనూ ఎక్కించుకుని గోకవరం రోడ్డు గుంటల్లో ఈడ్చుకుపోయింది! బాబాయి తన బండిని తుక్కు కింద అమ్మేసిన రోజు నాకు గుర్తుంది. ఎంతకు అమ్మాడో ఈ పెద్దమనుషులకు చెప్పాలనిపించలేదు.

"వాల్వ్ గ్యాప్ 15 థౌ పెడుతున్నారా అడుగు" అన్నాడు బాబాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అడిగాను. పెద్దాయన చేతులు తుడుచుకుంటున్నవారు ఆగిపోయారు. "అవును, 15" అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఆయన చేతిలోకి పోయింది. ఒకరి భాష ఒకరికి రాదు, నా అవసరం కూడా పెద్దగా పడలేదు. డిస్ట్రిబ్యూటర్ చూపిస్తే బాబాయి తలూపడం, కార్బొరేటర్ చూపిస్తే వేళ్లతో ఏదో తిప్పి చూపించడం, ఆయన "యెస్, యెస్" అనడం. అందరూ భోజనానికి లేటవుతోందని హారన్లు కొట్టేదాకా సాగింది.

మేరీస్ రాక్ సొరంగంలో ఈ-టైప్ వాడు ఇంజను గర్జింపజేస్తే వెనక అందరూ హారన్లు మోగించారు. స్కైల్యాండ్ దగ్గర, స్కైలైన్ డ్రైవ్‌లో అన్నిటికంటే ఎత్తయిన చోట, భోజనాలు. శాకాహారికి అక్కడ దొరికే బర్గర్ గురించి, దాని ధర గురించి ఏమీ చెప్పను. బ్లాక్‌బెర్రీ ఐస్‌క్రీమ్ పై మాత్రం తినండి.

బల్ల దగ్గర ఒకాయన చెప్పాడు: రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌కు డాలర్లు కరువై, కార్లు ఎగుమతి చేసే కంపెనీలకే ముందు ఉక్కు ఇచ్చేవారట. అలా అమెరికాకు బారులు తీరాయి. ఐదు లక్షల పైచిలుకు ఎంజీబీల్లో సగానికి పైగా ఇటే వచ్చాయి. 1980లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడింది. "ఇప్పుడు ఎంజీ చైనా కంపెనీదని తెలుసు కదా" అన్నాడు నీరసంగా. హైదరాబాద్‌లో మా బావమరిది 2019లో ఎంజీ హెక్టర్ కొని, బ్రిటిష్ బ్రాండు అని కాలనీ అంతా చెప్పుకున్నాడని చెబితే బల్ల అంతా నవ్వింది. మా బావమరిది ఇది చదవడు, ఆ ధైర్యంతోనే రాస్తున్నా.

నవ్వు అయ్యాక మాట మెల్లగా ఎవరి కారు ఎవరికి ఇచ్చిపోవాలన్న దాని మీదికి మళ్లింది. పిల్లలకు ఆసక్తి లేదు, మనవలకు క్లచ్చు రాదు. "నీకు గేర్ల బండి వచ్చా?" అని నన్నడిగారు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో మారుతీ 800 మీద నేర్చుకున్నవాడినన్నాను. పెద్దాయన తాళాలు బల్ల మీదుగా నా వైపు జరిపారు.

థార్న్‌టన్ గ్యాప్ నుంచి స్పెరీవిల్ దిగే 211వ నంబరు రోడ్డు మలుపులు మీకు తెలిసినవే. బ్రేకులు గట్టిగా తొక్కాలి, స్టీరింగ్‌కు పవర్ లేదు, గేరు కర్ర మాత్రం పొట్టిగా, మణికట్టు తిప్పితే పడిపోయేలా ఉంది. సెకండ్ గేరులో దిగుతుంటే పెద్దాయన కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వింటున్నారు. నా డ్రైవింగ్ మీద నమ్మకమో, భయమో అడగలేదు. కింద ఆగగానే మాత్రం, "మూడో మలుపులో ఇంకాస్త ముందే గేరు తగ్గించాల్సింది" అన్నారు.

వచ్చే నెల ఆయన గ్యారేజీలోనే వాల్వ్ గ్యాప్ సెట్ చేసే పాఠం పెట్టారు. సభ్యత్వం ఫారం నాతో నింపించారు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. బాబాయికి చెప్పాను. మీ టైములో పొద్దున్న పదింటికి పెట్టమను, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు సీరియల్ మొదలయ్యేలోపు చూపించేస్తానన్నాడు.