చిడతలు నా చేతికొచ్చాయి

మా భజన బృందానికి సప్తసాగర యాత్ర అంటే పెదమావయ్యే. తుల్యభాగ, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వశిష్ఠ... గోదావరి ఏడు పాయల దగ్గరా స్నానాలు. పుష్య అమావాస్యకి చొల్లంగిలో మొదలుపెడితే మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరాలి. ఏ రేవులో ఎప్పుడు దిగాలో, ఎవరు బీపీ మాత్ర మర్చిపోతారో అన్నీ ఆయనకే తెలుసు. కార్తీకంలో ఆయన పోయారు.

పుష్యం రాగానే అత్తయ్య ఆయన చిడతలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "లెక్కలు నువ్వే రాసేదానివిగా, నువ్వే తీసుకెళ్లు."

"నావల్ల కాదత్తయ్యా."

"నీవల్ల అవుతుందని ఎవరన్నారే? స్వామి చేయిస్తాడు. నువ్వు నడువు."

దుఃఖంలో ఉన్న మనిషి నెత్తిన బరువు పెట్టడమేంటని కోపం వచ్చింది. ఇప్పటికీ కాస్త ఉంది. అయినా బయల్దేరాను.

చొల్లంగిలో అమావాస్య పోటు. ఒడ్డంతా జారుడు బురద, వెనక నుంచి జనం తోపులాట. మావాళ్లు నడుంలోతుకి దిగుతామంటారు. "మోకాలు దాటొద్దు, చెంబుతో పోసుకోండి" అన్నాను. "మీ మావయ్యయితే మునగనిచ్చేవాడమ్మా" అన్నారో పిన్నిగారు. గొంతు పూడుకుపోయింది. అయినా మాట మార్చలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని దింపాను. ఈలోగా సంకల్పం చెప్పే పంతులుగారు "బృందానికి పెద్దెవరండీ, గోత్రం చెప్పండి" అన్నారు. అందరూ నావైపే చూశారు. ఏడుస్తూనే చెప్పాను. ఆయన నీళ్లు వదలమంటే వదిలాను.

కుండలేశ్వరంలో రాత్రి నిద్రపట్టక భరతుడు గుర్తొచ్చాడు. తండ్రి పోయిన దుఃఖం ఆరలేదు, రాజ్యం వద్దని అన్న కాళ్లు పట్టుకుంటే రాముడు వెనక్కి పంపేశాడు. నందిగ్రామంలో పాదుకల పేరిట 14 ఏళ్లు పాలన నడిపాడు. చిన్నప్పట్నుంచీ వింటున్న కథే. ఆ మొదటి రాత్రి అతనికి నిద్ర పట్టిందో లేదో అని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. "స్వామీ, రేపటి దారి మాత్రం చూపించు, ఎల్లుండి సంగతి అడగను" అని దణ్ణం పెట్టుకున్నాను. తెల్లారి వ్యాను టైరు పంక్చరు! మొక్కుకున్నంత మాత్రాన టెన్షన్లు తగ్గవు.

అంతర్వేదిలో దశమి రాత్రి నరసింహస్వామి కల్యాణం, మర్నాడు రథం. పాత రథం 2020లో కాలిపోయినప్పుడు మావయ్య అన్నం ముట్టలేదు. 2021లో కొత్తది కదిలితే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నేను చిడతలు వాయించాను, తాళం తప్పుతూనే. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర స్నానాలయ్యాక పిన్నిగారు తడి చీరతోనే వచ్చి, "వచ్చే ఏడు నా పేరు ముందు రాయి" అన్నారు. పోటు వేళలు చెప్పే జాలరాయన ఫోన్ నంబరు తీసుకుని సఖినేటిపల్లి వైపు వ్యానెక్కించాను, గోదావరి దాటించే పంటు దొరికేలోపు అందరికీ టీ తాగించాలి కదా.