తెరమీద కనపడని సెట్టింగ్

నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ప్రమాదకరమైన సెట్టింగులు మౌస్‌తో నొక్కే గ్రాఫికల్ తెరమీద ఉండాలా, ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైన్ తెలిసినవాళ్లకే వదిలేయాలా అన్న వాదన విశాఖలో ఒకలా వినిపిస్తుంది, రాయగడలో ఇంకోలా వినిపిస్తుంది. మాది బాపట్ల. బతుకుతెరువుకి ఒడిశా వచ్చి, ఇక్కడి చిన్న ఆఫీసులకూ దుకాణాలకూ నెట్‌వర్కులు చూసే పనిలో ఉన్నాను. గుణుపూర్, మునిగుడ, బిస్సంకటక్, ఎటు వెళ్లినా కొండల మధ్య దారే. 2017 జులైలో నాగావళి పొంగి తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనలే కొట్టుకుపోయాయని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వానాకాలంలో ఒక్క సెట్టింగ్ తప్పి రిమోట్ లాగిన్ తెగిపోతే మనిషి బయల్దేరాల్సిందే, దారి ఉంటే.

అందుకే అలాంటివి తెరమీద పెట్టొద్దనేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. విశాఖలో ఉండే మా సీనియర్ అదే మాట అంటారు: "కళ్లెదురుగా ఉంటే కుర్రాళ్లు నొక్కకుండా ఉండలేరయ్యా." నిజమే. నెట్ స్లోగా ఉందనగానే ఏదో వీడియో చూసి హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్‌లు, అంటే ప్రాసెసర్ పనిని నెట్‌వర్క్ కార్డుకి అప్పగించే సెట్టింగులు, మార్చేసేవాళ్లు ఉన్నారు. వాటిలో ఎల్‌ఆర్‌ఓ అనేది వచ్చిన చిన్న ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, నెట్‌వర్క్ కార్డులోనే కలిపి పెద్దవి చేస్తుంది. సర్వర్‌కి మేలే గానీ, వచ్చినవాటిని వచ్చినట్టు ముందుకు పంపాల్సిన రౌటర్‌కి చేటు. పైగా పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ల తెరల్లో ఆ టిక్కు తిరగేసి ఉంటుంది: పెడితే ఆఫ్‌లోడ్ ఆగుతుంది, తీస్తే మొదలవుతుంది. కొత్తవాడు తీసేసి, ఆపేశాననుకుంటాడు. ఈ తప్పు కుర్రాడిది కాదు, ఆ తెర తయారుచేసినవాళ్లది.

దాచిపెడితే ఏమవుతుందో గుణుపూర్‌లో చూశాను. మందుల హోల్‌సేల్ వ్యాపారం, రాయగడలో పెద్ద దుకాణం, గుణుపూర్‌లో బ్రాంచి. యజమాని తెలుగాయన, తాతల నాటి నుంచి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఓ పొద్దున ఫోన్ చేశారు. "బాబూ, నెట్టు ఉందంతన్నారు, వాట్సాప్ వస్తంది, బిల్లులు మాత్రం రాయగడ ఎల్తలేదు. ఏటిది?"

పింగ్ చేస్తే, అంటే అవతలి యంత్రం పలుకుతోందా అని చిన్న ప్యాకెట్ పంపి చూస్తే, చక్కగా జవాబొస్తోంది. రెండు మూడు లైన్ల బిల్లు వెళ్తోంది, పెద్ద బిల్లు సగంలో ఆగిపోతోంది. రెండు దుకాణాల మధ్య వైర్‌గార్డ్ టన్నెల్ ఉంది, అంటే ఇంటర్నెట్ మీదుగా రహస్యంగా కలిపే దారి. దాని ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ సైజుకి హద్దు, మామూలుగా 1420 బైట్లు. టన్నెల్ తన హెడర్లు, అంటే చిరునామా చీటీల్లాంటివి, తగిలిస్తే మామూలు ఐపీవీ4 ఇంటర్నెట్ మీద 1480 అవుతుంది. ఫైబర్‌కి అది లెక్కలోది కాదు. ఫైబర్ తెగి మొబైల్ సిమ్ లైను మీదికి మారితే ఆ లైను అంత మోయలేదు. ప్యాకెట్ పెద్దదైందని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఎవరైనా అడ్డుకుంటే, పంపినవాడికి ఆ సంగతే తెలియదు, పెద్ద బిల్లు అక్కడే ఆగిపోతుంది.

నాకంటే ముందు పనిచేసినాయన దీన్ని ఎప్పుడో కనిపెట్టాడు. అక్కడి ఫైర్‌వాల్ బాక్సు తెరమీద టన్నెల్ ఎంటీయూ మార్చే చోటు లేదు. షెల్‌లోకి, అంటే కమాండ్ లైన్‌లోకి, వెళ్లి ఒక్క కమాండ్‌తో 1280కి తగ్గించాడు. షెల్‌లో చేత్తో ఇచ్చింది రీబూట్ అయ్యేదాకానే నిలుస్తుంది. ఆ రాత్రి కరెంటు పోయింది, బాక్సు మళ్లీ లేచేసరికి 1420 వచ్చి కూర్చుంది. ఫైబర్ కూడా అప్పటికే తెగి ఉంది. బ్యాకప్ ఫైల్లో ఆ 1280 లేదు, మార్పుల చరిత్రలోనూ లేదు. మా ఒడియా కుర్రాడు ప్రతి పేజీ పాత బ్యాకప్‌తో పోల్చి చూసి, "భాయినా, అన్నీ ఎప్పట్లాగే ఉన్నాయి" అన్నాడు. అతను చూసింది నిజమే, తెరమీద ఏదీ మారలేదు. ప్యాకెట్‌ని దారిలో ముక్కలు చేయొద్దని చెప్పి పింగ్ సైజు కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే, చివరికి ఒకచోట జవాబులు రావడం మొదలైంది. అప్పటికి మధ్యాహ్నమైంది. అంతదాకా గుణుపూర్ కౌంటర్లో బిల్లులు చేత్తో రాశారు.

మా పనిలో మనుషులు నిలవరు. ఈ ఊరికి బతకడానికొచ్చినవాళ్లం, ఇంకోచోట రెండు వేలు ఎక్కువిస్తామంటే సామాను సర్దేస్తాం. ఆ ముందటాయన ఇప్పుడెక్కడున్నాడో కూడా ఎవరికీ తెలియదు. ఆయన బుర్రలో ఉన్న అంకె బాక్సులో రాసి ఉండాలంటే, అది రాయడానికి తెరమీద ఒక చోటుండాలి. పక్కనే ఎందుకు మార్చారో రాసుకునే చోటు కూడా ఉండాలి.

ప్రమాదం మాటంటారా, దానికి మందు ఎప్పుడో ఉంది. మైక్రోటిక్ కంపెనీ రౌటర్లలో సేఫ్ మోడ్ పెట్టి పనిచేస్తే, కనెక్షన్ తెగిన పక్షంలో చేసిన మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి. జూనిపర్ కంపెనీ రౌటర్లలో 'కమిట్ కన్ఫర్మ్డ్' అనే ఆదేశం ఇస్తే, మనం మళ్లీ ఖాయం చేయకపోతే 10 నిమిషాల్లో పాత కాన్ఫిగరేషన్ వచ్చేస్తుంది. ఉచితంగా దొరికే రౌటర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెబ్ తెర కూడా, మార్పు తర్వాత బ్రౌజర్ తిరిగి రౌటర్‌ని అందుకోలేకపోతే వెనక్కి తిప్పేస్తుంది. ప్రమాదకరమైన ప్రతి సెట్టింగ్ వెనకా ఇది ఉండి తీరాలని నేనంటాను. కొండ దారిలో రెండు గంటల ప్రయాణం తప్పుతుంది.

ఇదంతా విన్నాక సీనియర్ ఒక షరతు పెట్టారు: ఆ పేజీలు అందరి లాగిన్‌కీ తెరవకూడదు. ఒప్పుకున్నాను. పీఎఫ్‌సెన్స్‌లో ఏ యూజర్‌కి ఏ పేజీ ఇవ్వాలో విడివిడిగా నిర్ణయించొచ్చు, కాన్ఫిగరేషన్ రాయకుండా ఆపే హక్కు కూడా వేరుగా ఉంది. మా కుర్రాడికి ఇప్పుడు చూసే వీలు చాలు. మార్చే వీలు, ఎంటీయూ అంటే ఏమిటో అతను నాకు చెప్పిన రోజున.