ఏడు బిళ్ళలూ ఒకేసారి

ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలతో మాటలు పేర్చే ఆట స్క్రాబుల్. అందులో చేతిలోని ఏడు బిళ్ళలనూ ఒకే ఎత్తులో బోర్డు మీద దింపేస్తే మామూలు మార్కులకు తోడు మరో 50 వస్తాయి. ఆట తెలిసినవాళ్ళు దాన్ని బింగో అంటారు. మా అన్నయ్య కూతురు సెలవులకు వచ్చినప్పుడల్లా ఆటకు రెండేసి బింగోలు కొట్టేది. నేను నాలుగక్షరాల మాటలూ ఐదక్షరాల మాటలూ ఏరుకుంటూ వెనకబడేదాన్ని. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, ఏళ్ళ తరబడి అదే పాఠం చెప్పిన మనిషిని. అదేమో ఇంటర్ చదువుతోంది, అదీ ఎం.పి.సి. ఒళ్ళు మండదా మరి?

"అత్తా, నీకు మాటలు బోలెడు తెలుసు. అక్షరాలే కనబడటం లేదు" అంది ఒకరోజు, నా స్టాండు తన వైపు తిప్పుకొని. దాని మీద ఎన్, ఏ, టి, ఎస్, ఓ, ఐ, టి ఉన్నాయి. నేను వాటిని వరసగా పలుకుతూ "నాట్సోయిట్" దగ్గర ఆగిపోయి ఉన్నాను. అది టి, ఐ, ఓ, ఎన్ బిళ్ళలను కుడి చివరకు జరిపింది. మిగిలినవి ఎస్, టి, ఏ. స్టేషన్! రోజూ చూసే మాట.

చిక్కంతా చెవిలో ఉంది. తెలుగు చదువుతూ పెరిగినవాళ్ళం, రాసింది రాసినట్టు పలుకుతాం. ఇంగ్లీషు బిళ్ళలను కూడా అలాగే కూడబలుక్కుంటే వచ్చేది గొణుగుడే. ఆ నాలుగు బిళ్ళలు కళ్ళెదుటే ఉన్నా "షన్" అన్న చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ముందు నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. పెదవులు కదలకుండా బిళ్ళలను చూడటం వినడానికి చిన్న విషయమే కానీ, నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే.

ఆ తర్వాత పని తోకలు తీయడం. వంకాయకు ముందు తొడిమ తీస్తామే, అలా. ఐ-ఎన్-జి, ఈ-డి, ఈ-ఆర్, ఐ-ఈ-ఎస్-టి, ఏ-బి-ఎల్-ఈ, ఎన్-ఈ-ఎస్-ఎస్, ఓ-యు-ఎస్. వీటిలో ఏదైనా చేతిలో ఉంటే పక్కకు పెట్టి, మిగిలిన మూడు నాలుగింటినో ఐదింటినో మాత్రమే కలిపి చూడాలి. ఏడింటిని రకరకాలుగా పేరిస్తే వేల వరసలు, నాలుగింటికి ఇరవై నాలుగే. లెక్కలంటే పడని నాకు కూడా ఈ లెక్క నచ్చింది. ముందు తగిలే ముక్కలూ ఉన్నాయి: ఆర్-ఈ, యు-ఎన్, డి-ఐ-ఎస్, ఓ-యు-టి. ఈ చివరిదాని దయ అపారం. పరిగెత్తడం, పాడటం, ఆడటం లాంటి ఎన్నో క్రియల ముందు దాన్ని తగిలించినా నిఘంటువు ఒప్పుకుంటుంది.

అయితే తోకే గుదిబండ కూడా అవుతుంది. ఒకసారి ఏ, ఈ, జి, ఐ, ఎన్, ఆర్, టి వచ్చాయి. ఐ-ఎన్-జి తీసి పక్కన పెడితే మిగిలినవాటితో టేరింగ్ దొరికింది, చింపడం. సంబరపడ్డాను. "ఇంకేం లేవా?" అంది మేనకోడలు. లేవన్నాను. అది అవే మూడు బిళ్ళలను ముందుకు తెచ్చి ఇన్‌గ్రేట్ చేసింది, అంటే కృతఘ్నుడు. ఆ తర్వాత వాటిని విడగొట్టి గ్రానైట్ చేసింది. బోర్డు ఖాళీగా ఉండి మొదటి ఎత్తు మనదే అయితే గ్రానైట్‌కు 8 మార్కులు, నడిమి గడి వల్ల రెట్టింపై 16, పైన 50, వెరసి కనీసం 66. బోర్డు మీద వీలైన చోట ఒక ఎస్ ఉంటే అవే ఏడూ దానితో కలిసి యాంగ్రియెస్ట్ అవుతాయి. అప్పటి నుంచి ఐ-ఎన్-జి కనబడితే ముందు పక్కకు పెడతాను, ఏదీ తేలకపోతే కసిదీరా విడగొడతాను.

ఏ అక్షరాలు ఎక్కువ వస్తాయో ఊహించనక్కర్లేదు, ఆటను తయారుచేసిన మనిషే నిర్ణయించి పెట్టాడు. ఆల్‌ఫ్రెడ్ బట్స్ అమెరికాలో వాస్తుశిల్పి. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నప్పుడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. అందుకే 100 బిళ్ళల్లో ‘ఈ’ 12, ‘ఏ’ 9, ‘ఐ’ 9, ఎన్, ఆర్, టి ఆరేసి. ఎస్ మాత్రం నాలుగే ఇచ్చాడు, బహువచనాలతో ఆట మరీ తేలికవుతుందని. పిసినారితనం అనిపిస్తుంది కానీ న్యాయమే.

ఈ లెక్క మీద నిలబడిందే ఆటగాళ్ళు ఆరక్షరాల కాండాలను, అంటే ఇంకో అక్షరం చేరితే ఏడక్షరాల మాటలయ్యే గుంపులను, కంఠస్థం చేసే పద్ధతి. అన్నిటిలోకి పేరుమోసినది టి, ఐ, ఎస్, ఏ, ఎన్, ఈ. అది కూడా ఒక మాటే, ఆకులూ పూలూ వేసి కాచే ఒక రకం కషాయం. దానికి దాదాపు ఏ అక్షరం చేర్చినా ఏడక్షరాల మాట పుడుతుంది. డి చేరితే ఇన్‌స్టెడ్, ఎమ్ చేరితే ఇన్‌మేట్స్, వి చేరితే నేటివ్స్, జి చేరితే సీటింగ్, జడ్ చేరినా సరే జేనియెస్ట్. యు చేరితే ఏమవుతుందో చెప్పమని మేనకోడలు నన్ను చాలాసేపు ఏడిపించింది. ఆంటీస్. బజార్లో కూరగాయలబ్బాయి నన్ను పిలిచే మాట ఆ ఏడు బిళ్ళల్లో ఉందని నాకెలా తోస్తుంది!

చదివే తీరు కూడా మార్చుకున్నాను. బిళ్ళలు రాగానే వాటిని అక్షరక్రమంలో సర్దుతాను. ఒక మాటలోని అక్షరాలు ఏ వరసలో వచ్చినా అలా సర్దితే ఒకే రూపం తేలుతుంది. ఆ రూపాన్ని చూసి మాటను గుర్తుపట్టడమే సాధన. నోట్‌బుక్‌లో ఎడమ పక్క ఆ రూపాలు, కుడి పక్క మాటలు రాసుకుని, కుడి పక్కను చేత్తో మూసి చెప్పుకునేదాన్ని. చిన్నప్పుడు ఎక్కాలు అలాగే నేర్చాం కదా. ఫోనులో అక్షరాలు కొడితే మాటలన్నీ కుమ్మరించే యాప్‌లు ఉన్నాయి. ఆట అయ్యాక సరిచూసుకోవడానికి పనికొస్తాయి, ముందే చూస్తే ఏదీ తలకెక్కదు.

అర్థాల దగ్గర మా ఇద్దరికీ పడదు. 2019 నాటి కాలిన్స్ స్క్రాబుల్ జాబితాలో 2,79,496 మాటలు ఉన్నాయి. వాటికి అర్థాలెందుకంటుంది అది. న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ నెగ్గాడు, 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. ఆయన పేరు చెప్పి నా నోరు మూయిస్తుంది. ఆయన ప్రతిభకు దండం పెడతాను. నాకు మాత్రం రెట్సీనా అంటే పైన్ చెట్ల బంక వాసన వేసే గ్రీకు వైన్ అని తెలిశాకే ఆ ఏడక్షరాలు మనసులో నిలిచాయి.

ఏడక్షరాల మాట దొరికినా దాన్ని పెట్టే చోటు లేకపోతే అంతా వృథా. మొన్నటి ఆటలో నా చేతిలో ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి ఉన్నాయి. అంతకన్నా మంచి చెయ్యి ఎవరికైనా ఏం కావాలి? నాస్టియర్, రిటెయిన్స్, రెటినాస్ అన్నీ తోచాయి, బోర్డు మీద ఒక్కదానికీ చోటు లేదు. అలాంటప్పుడు బోర్డు మీదున్న అక్షరాన్నే ఎనిమిదోదిగా కలుపుకోవాలి. పి అయితే పెయింటర్స్, సి అయితే కానిస్టర్, ఓ అయితే నోటరీస్. అవన్నీ ఇరుకుల్లో ఉన్నాయి. కింది అంచుకు ఒక గడి పైన మాత్రం ఒక ఎల్ ఒంటరిగా ఉంది, దాని పైన నిలువునా ఖాళీయే. ఎల్‌తో లెట్రీన్స్ అవుతుంది కానీ అందులో అది మొదటి అక్షరం, కింద ఏడు గడులు కావాలి. ఉన్నది ఒక్కటే. ఎల్ చివరి నుంచి రెండోదిగా ఉండే మాట కావాలి. పెదవులు బిగపట్టి కూర్చున్నాను. ఎంట్రెయిల్స్! పైన ఆరు బిళ్ళలు, కింద ఒక ఎస్.

మేనకోడలు ఫోనులో సరిచూసి, తలూపి, మార్కులు వేసింది. తన ఎత్తులో బోర్డు మీదున్న ఒక ఐ ముందు క్యూ పెట్టి, రెండక్షరాల మాటతో, మాట మార్కులను మూడింతలు చేసే గడిలో 33 లాగేసింది. ఆట కూడా అదే గెలిచింది.