ఆయన అమెరికాలో, నేను శ్రీకాకుళంలో: ఐ-130 నుంచి వీసా దాకా నా అనుభవం

పెళ్లయ్యాక ఒకరు అమెరికాలో, ఒకరు ఇక్కడ ఉంటే మూడు మెట్లు ఎక్కాలి. ముందు అమెరికా వలస విభాగమైన యూఎస్‌సీఐఎస్‌లో ఐ-130 పిటిషన్ (అక్కడున్నవారు భార్య లేదా భర్త కోసం వేసే అర్జీ), తర్వాత ఫీజులు, కాగితాలు చూసే ఎన్‌వీసీ అనే నేషనల్ వీసా సెంటర్, చివర ముంబైలో ఇంటర్వ్యూ. ఈ మూడూ దాటి వచ్చాక నాకు అర్థమైంది ఒకటే. అక్కడి ఫారాలు నింపడం పెద్ద పని కాదు. మన పంచాయతీ, బడి, రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన కాగితాలు ఒకదాని మాట ఒకటి కాదనకుండా చూసుకోవడమే అసలు పని. ఆ పని పిటిషన్ వేయకముందే చేసుకోవాలి, ఎన్‌వీసీ అడిగాక కాదు.

ముందుగా స్పాన్సర్, అంటే అక్కడ ఉండి పిటిషన్ వేసే మనిషి, సిటిజనా, గ్రీన్‌కార్డు మనిషా అన్నది చూసుకోండి. సిటిజన్ భార్యకు, భర్తకు వీసా నంబరు కోసం ఎదురుచూపు లేదు. గ్రీన్‌కార్డు వాళ్లది ఎఫ్2ఏ కేటగిరీ. పిటిషన్ అందిన తేదీ, అంటే ప్రయారిటీ డేటు, నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో వంతుకు రావాలి. మధ్యలో స్పాన్సర్‌కి సిటిజన్‌షిప్ వస్తే ఆ సర్టిఫికెట్ పంపి కేసు మార్పించుకోవచ్చు. అక్కడో మెలిక ఉంది. ఎఫ్2ఏలో తల్లి పిటిషన్ మీదే పిల్లలూ వస్తారు. సిటిజన్ కేసులో అలా రారు, వీసా కావాల్సిన ప్రతి బిడ్డకూ విడిగా ఐ-130 వేయాలి. సిటిజన్‌షిప్ వచ్చిందన్న సంబరంలో భార్య కేసు ఒక్కటే మార్పిస్తే తల్లికి వీసా వచ్చి బిడ్డ ఇక్కడ ఉండిపోతుంది.

పెళ్లి సర్టిఫికెట్ సంగతికి వద్దాం. అరసవల్లిలోనో, సింహాచలంలోనో, అన్నవరంలోనో పెళ్లి చేసుకున్నవాళ్లు దేవస్థానం రసీదు చాలనుకుంటారు. అది పక్క సాక్ష్యం మాత్రమే. సబ్ రిజిస్ట్రార్ దగ్గర హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకున్న సర్టిఫికెట్ ఉంటే ఎవరూ వంక పెట్టరు. ఇద్దరూ సాక్షులతో వెళ్లి సంతకాలు పెట్టాలి కాబట్టి పెళ్లికొడుకు సెలవు అయిపోకముందే ఆ పని ముగించాలి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద అయితే 30 రోజుల నోటీసు ఉంటుంది, మూడు వారాల సెలవులో కుదరదు.

ఇక తేదీ. మన ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. శుభలేఖలో శనివారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు అని వేస్తారు, క్యాలెండర్ ప్రకారం అది ఆదివారం. శుభలేఖలో ఒక తేదీ, సర్టిఫికెట్‌లో ఇంకొకటి, ఫారంలో గుర్తున్నది ఏదైతే అది రాస్తే మూడు రకాలవుతుంది. రిజిస్ట్రార్ దగ్గర దరఖాస్తు నింపేటప్పుడే క్యాలెండర్ తేదీ వేయించి, ఆ తర్వాత ప్రతి ఫారంలోనూ అదే రాయండి. సర్టిఫికెట్‌లో పెళ్లి తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ అని రెండుంటాయి. ఐ-130 అడిగేది మొదటిది.

పేర్ల గొడవ దీనికంటే పెద్దది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఒక్కోసారి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా సర్‌నేమ్ అయిపోయి, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. తర్వాత సోషల్ సెక్యూరిటీ కార్డు నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా అదే వెంటాడుతుంది. పాస్‌పోర్టును ముందే సరిచేయించుకుంటే ఒక్కసారితో పోతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలన్న రూలేమీ లేదు. మార్చుకునేట్టయితే కేసు వేయకముందే మార్చుకోండి, లేదా అక్కడికి వెళ్లి స్థిరపడ్డాక. కేసు నడుస్తుండగా మాత్రం పాస్‌పోర్టులో పేరు కదిలించకండి.

పుట్టిన సర్టిఫికెట్ విషయంలో పల్లెల్లో ఇంట్లో పుట్టినవాళ్లకే చిక్కు. కొందరికి నమోదే ఉండదు. కొందరికి నమోదు ఉన్నా బిడ్డ పేరు ఉండదు, తల్లిదండ్రుల పేర్లు, ఆడపిల్ల అన్న మాట మాత్రమే ఉంటాయి. పేరు లేకపోతే ముందు పేరు చేర్పించుకోవాలి. అసలు నమోదే లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి నమోదు లేదన్న పత్రం తీసుకుని, ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్యపు నమోదు చేయించుకోవాలి. అలా ఈమధ్యే నమోదైన సర్టిఫికెట్ ఒక్కదాన్నే పెడితే, పుట్టిన ఇన్నేళ్లకు ఎందుకు అని అడగవచ్చు. పదో తరగతి మెమో, మీ పుట్టుక ఎరిగిన పెద్దవాళ్ల అఫిడవిట్లు జతచేస్తే ఆ ప్రశ్నకు ముందే జవాబు చెప్పినట్టు. తెలుగు కాగితానికి ఇంగ్లిష్ అనువాదం కావాలి. రెండు భాషలూ తెలిసినవారు ఎవరైనా చేసి, ఇది పూర్తి, సరైన అనువాదం, నాకు రెండు భాషలూ వచ్చు అని రాసి సంతకం చేస్తే సరిపోతుంది. దీనికి వేలకు వేలు గుంజే ఏజెంట్ల దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లకు ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి పోయింది, పాలకొండ పార్వతీపురం మన్యంలో కలిసింది. పుట్టిన సర్టిఫికెట్‌లో శ్రీకాకుళం జిల్లా, ఆధార్‌లో విజయనగరం జిల్లా, ఊరు మాత్రం అదే రాజాం. చూసేవాడికి ఇది రెండు ఊళ్లలా కనిపిస్తుంది. పుట్టిన చోటు పాస్‌పోర్టులో ఎలా ఉందో ఫారాల్లో అలాగే రాసి, జిల్లా పునర్విభజన గురించి రెండు వాక్యాల వివరణ కాగితం జతచేస్తే సరి.

ఐ-130ని ఆన్‌లైన్లో వేస్తే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. 2024 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లివి. ఇక్కడున్న మనిషి వివరాలతో ఐ-130ఏ కూడా కావాలి. పెళ్లి నిజమైనదే అని చూపడం దూరంగా ఉన్న జంటకు కష్టం, ఒకే ఇంటి అద్దె ఒప్పందం ఉండదు కదా. అందుకే కాగితం పుట్టే పనులు ముందునుంచీ చేయాలి. ఆయన పంపే డబ్బు మామగారి ఖాతాకు కాకుండా భార్య ఖాతాకు రావాలి. మామగారి ఖాతాకు వస్తే అది కొడుకు తండ్రికి పంపిన డబ్బుగానే కనిపిస్తుంది. ఎల్ఐసీలో, ఆయన ఉద్యోగం తాలూకు ఇన్సూరెన్సులో నామినీగా భార్య పేరు, వచ్చి వెళ్లిన విమానం టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు, కాల్ వివరాలు నెలకు ఒకటి చొప్పున పెట్టొచ్చు. ఫొటోలు వందలు అక్కర్లేదు. పెళ్లి పీటల మీదవి నాలుగు, రెండు వైపుల పెద్దలతో నాలుగు, తర్వాత కలిసినప్పటివి కొన్ని చాలు, ఒక్కో ఫొటో కింద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాయాలి.

పిటిషన్ ఆమోదం రావడానికి ఏడాది దాటడం మామూలే. ఈలోగా టూరిస్టు వీసా మీద వెళ్లొద్దామనుకుంటే, మీ కోసం ఇమిగ్రెంట్ పిటిషన్ ఉందా అని ఆ ఫారమే అడుగుతుంది. ఉందని చెప్పాలి, చెప్పాక వీసా దొరకడం కష్టం. దాచిపెడితే అసలు కేసుకే ఎసరు.

ఎన్‌వీసీ నుంచి బీఎంబీతో మొదలయ్యే కేసు నంబరు వస్తుంది. అది ముంబై గుర్తు. ఎన్‌వీసీకి రెండు ఫీజులు, 120, 325 డాలర్లు, కట్టాక డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు తెరుచుకుంటుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలా అన్న ప్రశ్న అందులోనే ఉంటుంది, అవునని పెడితే అక్కడికి వెళ్లాక వేరే తిరుగుడు తప్పుతుంది. ఏడాది పాటు ఏ కదలికా లేకుండా వదిలేస్తే కేసు మూసేసే ప్రమాదం ఉంది.

ఐ-864 అంటే పోషణ హామీ. అక్కడి పేదరికపు రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. 2025 లెక్కలో ఇద్దరున్న కుటుంబానికి 26,437 డాలర్లు. ఇంతకుముందు ఎవరికైనా ఇలాంటి హామీ ఇచ్చి అది ఇంకా నడుస్తుంటే వాళ్లనూ తలల లెక్కలో కలపాలి. ఆదాయం తక్కువైతే అక్కడే నివసించే సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు ఉన్నవారు జాయింట్ స్పాన్సర్‌గా నిలవొచ్చు. అందరూ తడబడేది ట్యాక్స్ దగ్గర. డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాది రిటర్న్ సింగిల్ అని వేయకూడదు. వేస్తే ఆ కాగితమే పెళ్లి కాలేదని చెబుతుంది. తప్పు పడితే సవరించిన రిటర్న్ వేసి ఆ కాపీ జతచేయాలి. ఈ హామీ విడాకులతో రద్దు కాదు. వచ్చిన మనిషి సిటిజన్ అయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్క నిండేదాకా, లేదా ఆ దేశం శాశ్వతంగా వదిలేదాకా ఉంటుంది. బంధువుని జాయింట్ స్పాన్సర్‌గా అడిగేముందు ఈ మాట చెప్పి అడగడం మర్యాద.

పీసీసీకి, అంటే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి, పాస్‌పోర్ట్ సేవా ద్వారా దరఖాస్తు చేయాలి, మన జిల్లాలు విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు కిందికి వస్తాయి. పాస్‌పోర్టులో ఊరి అడ్రసు ఉంచి విశాఖలో ఉంటే పోలీసు విచారణకు వచ్చేసరికి ఇల్లు తాళం. ఉంటున్న అడ్రసే ఇవ్వండి. పదహారేళ్లు దాటాక వేరే దేశంలో ఏడాది, ఆపైన ఉన్నవాళ్లు ఆ దేశపు పోలీసు సర్టిఫికెట్ కూడా తేవాలి. గల్ఫ్‌లో పని చేసి వచ్చినవాళ్లకు ఇక్కడినుంచి తెప్పించుకోవడం తలనొప్పి, అక్కడ ఉండగానే తీసుకోవడం మేలు.

ఇంటర్వ్యూ లెటర్ వచ్చాక మెడికల్. కాన్సులేట్ జాబితాలోని డాక్టరే చేయాలి, మన ఊరి ఆసుపత్రి రిపోర్టు పనికిరాదు. టీకాల కార్డు లేకపోతే మళ్లీ వేస్తారు. ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపిస్తే మూడు రోజులు కళ్లె తీసి కల్చర్‌కు పంపుతారు, దాని ఫలితానికి ఎనిమిది వారాలు పడుతుంది. చిన్నప్పుడు టీబీ మందులు వాడి ఉంటే ఆ చీటీలు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి. ఇంటర్వ్యూకి మరీ దగ్గర పెట్టుకుని మెడికల్‌కి వెళ్లొద్దు.

కాన్సులేట్ బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఉంది. శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం నుంచి ముంబైకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నేరుగా పోతుంది. రెండు రోజుల ముందే చేరేలా చూసుకోండి. ఫోన్ లోపలికి రానివ్వరు. అన్నీ ఒరిజినళ్లు ఉండాలి. ప్రశ్నలు మామూలువే: సంబంధం ఎలా కుదిరింది, చివరిగా ఎప్పుడు కలిశారు, ఆయన ఏం చేస్తారు, ఎక్కడ ఉంటారు. ఏదైనా కాగితం తక్కువైతే 221జీ చీటీ చేతిలో పెడతారు. అది చివరి తిరస్కరణ అని కంగారు పడక్కర్లేదు, అడిగినదాన్ని వాళ్లు చెప్పిన పద్ధతిలో పంపాలి.

వీసా వచ్చాక విమానం ఎక్కకముందు 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు కడితేనే గ్రీన్‌కార్డు ఇంటికి వస్తుంది. సీల్డు కవరు ఇస్తే తెరవకూడదు. అమెరికాలో అడుగుపెట్టే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండితే ఐఆర్-1, పదేళ్ల కార్డు. నిండకపోతే సీఆర్-1, రెండేళ్ల కార్డు, దాని గడువుకు ముందున్న 90 రోజుల్లో ఆ రెండేళ్ల షరతు తీసేయమని ఐ-751 వేయాలి. రెండేళ్లకు ఇంకో వారమో, రెండు వారాలో తక్కువైతే, వీసా గడువు ఉందేమో చూసుకుని టికెట్ వెనక్కి జరుపుకోవచ్చు. వీసా మీద సీఆర్ అని ఉన్నా దిగేరోజుకి రెండేళ్లు నిండి ఉంటే, పెళ్లి సర్టిఫికెట్ చూపించి ముద్రలో ఐఆర్-1 అని వేయమని ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ని అడగాలి. కౌంటర్ దగ్గరనుంచి కదలకముందే ముద్ర చదువుకోండి.