ఐదో స్థలం దగ్గర

గుడ్ ఫ్రైడేకి ఊరెళ్లాలంటే ఎల్బీనగర్‌లో మిర్యాలగూడ బస్సు ఎక్కడమే పెద్ద యుద్ధం. వరుస సెలవులు కదా, సగం సిటీ అక్కడే ఉంటుంది. గురువారం పొద్దున్నే బయల్దేరినా, నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి అద్దంకి రోడ్డెక్కేసరికి ఎండ ముదిరింది. నల్లగొండ దాటి మిర్యాలగూడ వైపు వెళ్తుంటే సాగర్ ఎడమ కాలువ కింది వరి మొదలవుతుంది. యాసంగి కోతలు నడుస్తున్నాయి. రోడ్డుకు ఒక పక్కంతా ఆరబోసిన వడ్లు, రైస్‌మిల్లుల ముందు ట్రాక్టర్ల లైను.

మా ఊరు మిర్యాలగూడకీ హుజూర్‌నగర్‌కీ మధ్య ఉంటుంది. పేరు రాయను, రాస్తే బాబాయి మళ్లీ నా ఫోన్ ఎత్తడు. మా తాత పల్నాడు నుంచి వాడపల్లి దగ్గర కృష్ణ దాటి వచ్చాడు. అక్కడ రెండెకరాలు అమ్మి ఇక్కడ పన్నెండు కొన్నాడు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు మా చేల దాకా వచ్చాక ఇక వెనక్కి చూసుకునే పని లేకపోయింది. తాత కష్టజీవే, కాదనను. కానీ కష్టపడి పన్నెండెకరాలు చేయాలంటే ముందు అమ్ముకోవడానికి రెండెకరాలుండాలి. గూడెం వాళ్లు, అంటే ఊరి దళితులు, మాకంటే ముందు నుంచీ ఇక్కడే ఉన్నారు. వాళ్లకి అమ్ముకోవడానికేమీ లేదు. మా పొలంలో నాట్లేశారు.

మేమూ వాళ్లూ కేథలిక్కులమే. మాకూ వాళ్లకూ గుడి (చర్చిని మేం అలాగే అంటాం) ఒక్కటే, ఫాదర్ ఒక్కరే. జోజిరెడ్డి, ఇన్నారెడ్డి, శౌరిరెడ్డి అని మా వైపు పేర్లుంటాయి. జ్ఞానస్నానంలో ముందు పేరు మారింది, వెనకది అలాగే ఉంది.

గురువారం సాయంత్రం పాదాలు కడిగే పూజ, యేసు తన పన్నెండుమంది శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా. పన్నెండు కుర్చీలేశారు. ఆడవాళ్ల పాదాలు కూడా కడగొచ్చని పోప్ ఫ్రాన్సిస్ 2016లో నియమం మార్చారు. మా ఊళ్లో అదీ అమలవుతోంది, ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఇద్దరూ మా వీధివాళ్లే. గూడెం నుంచి నలుగురు, చివరి నాలుగు కుర్చీల్లో.

శుక్రవారం సిలువ మార్గం, యేసు సిలువ మోసుకెళ్లిన దారిని గుర్తు చేసుకునే ఊరేగింపు. గుడి దగ్గర మొదలై, ఊరంతా తిరిగి, గుట్ట మీద ముగుస్తుంది. ప్రార్థనకి ఆగే పద్నాలుగు స్థలాలు, చెప్పుల్లేని నడక. సిలువ వేపమొద్దుతో చేసింది. భుజం ఆనే చోట ఎన్నేళ్ల చెమటకో నల్లబడి, నున్నగా అరిగిపోయింది. ఒక్కో స్థలం దగ్గర మోసేవాళ్లు మారతారు. ఎవరు మోయాలో ఫాదర్‌కి సాయంగా ఉండే ఉపదేశి పాత నోటుబుక్కులో చూసి మైకులో చదువుతాడు. మొదటి స్థలం మా ఇంటిది, తాత నాటి నుంచీ. రెండు, మూడు, నాలుగు మా చుట్టాలవి. ఐదో స్థలం, అంటే యేసు సిలువను సీమోను మోసిన చోటు, "గూడెం వారు". వాళ్లకి పేర్లు చదవరు.

నా పక్కన నడుస్తున్న పెద్దావిడ అప్పుడు నాతో అంది: "సీమోను ఊకనే మోసిండా పటేలా? పొలం కాడికెల్లి వస్తుంటే పట్టుకొచ్చి మోయించిన్రు. మీరు సదువుకున్నోళ్లు, మీకెర్కలేదా?"

నాకు తెలుసు. సువార్తలో అలాగే ఉంది. కురేనే ఊరివాడు, అంటే ఉత్తరాఫ్రికా మనిషి, ఇప్పటి లిబియా వైపు. పండక్కి వచ్చిన పరాయివాణ్ణి సైనికులు బలవంతం చేశారు. మనం దాన్ని సాయం అని చెప్పుకుంటాం. అన్నట్టు, ఆవిడ వయసులో మా అమ్మకంటే పెద్దది. నన్ను మీరంటుంది.

ఆవిడ మనవడు నర్సింగ్ చదువుతున్నాడు. ఇల్లు ఎస్సీ కాలనీలో, సర్టిఫికెట్ మాత్రం క్రైస్తవులైన దళితులకిచ్చే బీసీ-సీది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు తలుపు తెరుచుకోలేదు. ఇక్కడ బీసీ-సీకి ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే చాలా ఇళ్లలో పిల్లలకి గుడిలో ఒక పేరు, బడిలో ఇంకో పేరు. నా సంగతి వేరు. నేను ఏ గుడికెళ్లినా నా పొలం ఎక్కడికీ పోదు, నా పేరు చూసి ఇల్లు అద్దెకివ్వననే ఓనరూ ఉండడు. ఈస్టర్ ముందు వచ్చే తపస్కాలంలో మాంసం మానేస్తే మా ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మొదటి స్థలం మానేయమంటే మాత్రం గొడవే.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే ఎత్తాను. బాబాయి మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఇంకేం కావాల్రా వాళ్లకి? హైదరాబాద్‌లో కార్డినల్ గారే వాళ్లవాడు" అన్నాడు. నిజమే. ఆంథోనీ పూల గారు 2022 ఆగస్టులో కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి మతపెద్ద) అయ్యారు, దళితుల్లో మొట్టమొదటివారు. "కాలమే మారుస్తుంది, తొందరెందుకు?" అన్నాడు.

ఇదే మిర్యాలగూడలో 2018లో ఆసుపత్రి బయట పట్టపగలు కులాంతర పెళ్లి చేసుకున్నందుకు నరికి చంపిన కుర్రాడు దళిత క్రైస్తవుడని గుర్తు చేశాను. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. బాబాయి అది వేరే సంగతన్నాడు. ఆయన తొందరెందుకన్న మాట నాకు కొత్తది కాదు. అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ని బర్మింగ్‌హామ్‌లో అరెస్టు చేసింది కూడా గుడ్ ఫ్రైడే నాడే, 1963 ఏప్రిల్ 12న. నల్లవాళ్ల ఊరేగింపులు ఇప్పుడొద్దు, ఓపిక పట్టండని అక్కడి తెల్ల మతపెద్దలు ఎనిమిది మంది ప్రకటన ఇచ్చారు. కింగ్ జైల్లోంచి రాసిన ఉత్తరం వాళ్లకి జవాబే. దుర్మార్గుల కంటే ఆ "ఆగండి" అనే మంచివాళ్లే ఆయన్ని ఎక్కువ విసిగించారు. మా బాబాయీ మంచివాడే. కరోనాలో గూడెంకి బియ్యం పంచింది ఆయనే.

శనివారం ఫాదర్‌ని కలిసి, వచ్చే ఏడు పద్నాలుగు స్థలాలకీ చీటీలేద్దామన్నాను, పాదాల పూజకి కూడా. ఆయన కాదనలేదు గానీ ముందు మీ ఇంట్లో ఒప్పించమన్నారు. బస్టాండ్‌లో దింపేటప్పుడు బాబాయికి చెప్పాను. బండి ఆపకుండానే అడిగాడు: "సరే, చీటీలో మొదటి స్థలం వాళ్లకొచ్చిందనుకో. మనోళ్లు వెనకాల నడుస్తారంటావా?"

అందరూ నడవరన్నాను. ముందు నువ్వు నడుస్తావా అని అడిగాను. హుజూర్‌నగర్ వైపు నుంచి బస్సొచ్చింది, ఎక్కమన్నాడు.