రాత్రి తొమ్మిది గంటల పుస్తకాలు

"ఏదైనా మంచి పుస్తకం చెప్పు" అని ఎవరైనా అడిగితే ఇదివరకు గబగబా పది పేర్లు చెప్పేసేదాన్ని. ఇప్పుడు కాస్త ఆగి చెప్తున్నాను. ఈ మూడేళ్ళలో నేను చదివినవన్నీ అమ్మకి వినిపిస్తూ చదివినవే. అమ్మ విన్నాక ఏమందో చెప్పకుండా ఏ పుస్తకం గురించీ చెప్పబుద్ధి కావడం లేదు.

అమ్మకి రెటీనా మధ్యభాగం దెబ్బతింది. తలుపు అంచులు కనిపిస్తాయి, గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం కనిపించదు. పుస్తకం పట్టుకుంటే మార్జిన్ కనిపిస్తుంది, అక్షరాలుండాల్సిన చోట మసక మచ్చ. పుస్తకం లేకుండా ఏ రాత్రీ నిద్రపోని మనిషి. కొన్నాళ్ళు పుస్తకం ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చూడలేక ఒకరోజు నేనే తీసుకుని చదవడం మొదలుపెట్టాను. అప్పట్నుంచి రాత్రి తొమ్మిదికి నలభై నిమిషాలు మా ఇద్దరివీ. తెలుగువి ఉన్నదున్నట్టు చదువుతాను. ఇంగ్లీషువి వాక్యం వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోతాను. అమ్మ ఏదైనా అంటే ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంటాను. ఇప్పుడు ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మొదలుపెట్టింది కన్యాశుల్కంతో. నాటకం కాబట్టి గొంతుకి పని ఉంటుందని. 1897లో వచ్చిన మొదటి కూర్పుని గురజాడ దాదాపు తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు, మనమంతా చదివేది ఆ రెండోదే. కాలేజీలో కళ్ళతో చదివినప్పుడు గిరీశం ఒక్కడే గుర్తుండిపోయాడు. పైకి చదివితే తెలిసింది, అందులో ప్రతి మనిషికీ ఒక ఊపిరి ఉంది. మధురవాణి మాట చదివేటప్పుడు నా గొంతు దానంతటదే నెమ్మదించేది. గిరీశం మాటలకి పగలబడి నవ్విన అమ్మ, బుచ్చమ్మ దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపేసి, "ఆ పిల్లతో వాడు మాట్లాడుతుంటే నాకు భయంగా ఉందే" అంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఆ భయం తట్టలేదు. మీరు చదివి పక్కన పెట్టేసి ఉంటే, ఈసారి ఒక్క అంకమైనా పైకి చదవండి.

తర్వాత ఫ్రాంకెన్‌స్టైన్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను.

ఈ వయసులో అమ్మకి దయ్యాల కథేంటని ముందు తటపటాయించాను. అమ్మకి పుస్తకం కంటే ముందు పుస్తకం పుట్టిన కథ చెప్పాలి, అది మా అలవాటు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిదా పొగా పైకెళ్ళి, మరుసటి ఏడు యూరప్‌లో వేసవే రాలేదు. జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో, వానకి బయటికి వెళ్ళలేక కూర్చున్న నలుగురైదుగురిలో కవి బైరన్, తలా ఒక దయ్యం కథ రాద్దాం అన్నాడు. అక్కడున్న మేరీ షెల్లీకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆ ఆటలో మొదలైన కథ 1818లో పుస్తకమై వచ్చింది, రచయిత పేరు లేకుండా.

"పేరెందుకు వెయ్యలేదు?" అంది అమ్మ. ఆ ప్రశ్న మమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తుందని ఆ రాత్రి నాకు తెలీదు.

పుస్తకం ఒక ఓడ కెప్టెన్ అక్కకి రాసే ఉత్తరాలతో మొదలవుతుంది. ఆ ఉత్తరాల్లో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ చెప్పే కథ, అతని కథలో అతను తయారుచేసిన ప్రాణి చెప్పుకునే కథ. పంచతంత్రం విని పెరిగిన మనకి ఈ కథలో కథ పద్ధతి కొత్తేం కాదు, అమ్మకి అసలే కాదు. సినిమాల్లో చూపించే మాటలు రాని భూతం ఇందులో లేదు. ఈ ప్రాణి ఒక పేద కుటుంబం ఇంటికి ఆనుకుని ఉన్న కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్ళని చూస్తూ, వాళ్ళ మాటలు వింటూ భాష నేర్చుకుంటుంది. రాత్రిళ్ళు వాళ్ళకి కట్టెలు కొట్టి తెచ్చి పెడుతుంది. అడవిలో ఎవరో పారేసుకున్న సంచిలో మూడు పుస్తకాలు దొరుకుతాయి: మిల్టన్ కావ్యం ఒకటి, ప్లూటార్క్ రాసిన మహాపురుషుల చరిత్రలు, గొథే రాసిన ప్రేమకథ. ఒక కావ్యం, ఒక చరిత్ర, ఒక నవల. ఎవరూ సలహా ఇవ్వకుండానే వాడికి అంత చక్కని జాబితా కుదిరింది. చదివిన ప్రతిదాంట్లోనూ తనలాంటి వాడెవడైనా ఉన్నాడేమోనని వెతుక్కుంటాడు.

ఆ కుటుంబంలో తండ్రి అంధుడు. చిన్నవాళ్ళంతా బయటికెళ్ళిన సమయం చూసి వాడు ధైర్యం చేసి ముసలాయన దగ్గరికి వెళ్తాడు. ఆయన లోపలికి రమ్మంటాడు. తనకి ఎవరూ లేరని, తనకిష్టమైన వాళ్ళు తనని కాదంటారేమోనని భయంగా ఉందని వాడు చెప్పుకుంటే ఓపికగా వింటాడు. నీ మొహం నేను చూడలేను, కానీ నీ మాటలో నిజం ఉంది అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. అంతలో పిల్లలు తిరిగొస్తారు. కొడుకు చూసీ చూడగానే కర్రతో కొట్టి తరిమేస్తాడు.

ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకు ఆగానో అమ్మకి తెలిసిపోయింది. చేయి చాపి, నా చేతిలో పుస్తకం ఎక్కడుందో తడిమి, దానిమీద అరచెయ్యి పెట్టింది. "కళ్ళు లేనాయన ఒక్కడికే వాడు మనిషిలా అనిపించాడు" అంది. కాసేపుండి, "ఇంతకీ వాడి పేరేంటే?" అంది.

పేరు లేదు. పుస్తకం మొత్తం మీద వాడికి ఎవరూ పేరు పెట్టరు. లోకమంతా వాణ్ణి ఫ్రాంకెన్‌స్టైన్ అంటుంది కానీ అది తయారుచేసినవాడి ఇంటిపేరు. "కన్నవాడు పేరైనా పెట్టలేదా" అని ఆ రాత్రి అమ్మ రెండు మూడుసార్లు అనుకుంది. నోట్‌బుక్‌లో ఆ తేదీకింద ఇంకేం రాయలేదు నేను.

తర్వాత కొంచెం వెలుగు కావాలనిపించి ద హాబిట్ తీశాను. 1937లో టోల్కిన్ రాసింది. ఫాంటసీ ఎప్పుడూ చదవని వాళ్ళు దీంతో మొదలుపెట్టొచ్చు, నిశ్చింతగా. ఐదో అధ్యాయంలో చీకటి గుహలో కథానాయకుడు బిల్బో, అక్కడ ఉండే గొల్లమ్ అనే వింతజీవి పొడుపుకథలు వేసుకుంటారు, బిల్బో ఓడితే ప్రాణం పోతుంది. బందులు లేవు, తాళంచెవి లేదు, మూత లేదు, లోపల బంగారం దాక్కుంది, ఏమిటా పెట్టె అని బిల్బో అడుగుతాడు. గొల్లమ్ బుసలు కొడుతూ ఆలోచిస్తున్నాడని నేను చెప్పేలోపే అమ్మ "గుడ్డు" అనేసింది. ఆ రాత్రి నలభై నిమిషాలు కాస్తా గంటన్నర అయింది, ఎందుకంటే తర్వాత అమ్మ తనకొచ్చిన పొడుపుకథలన్నీ నామీద ప్రయోగించింది.

ఫాంటసీ అనగానే మా ఇంట్లో నిజంగా గుర్తొచ్చేది మాత్రం చందమామ సీరియళ్ళు. తోకచుక్క, జ్వాలాద్వీపం, రాకాసిలోయ. నా చిన్నప్పుడు అవన్నీ అమ్మే చదివి వినిపించింది. రాక్షసుడి గొంతు ఎలా ఉంటుందో నాకు అమ్మ గొంతులోనే తెలుసు. అవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. నెలనెలా లక్షలమంది పిల్లల్ని ఊపిరి బిగబట్టించిన మనిషి పేరు మా ఇద్దరికీ చాలా ఏళ్ళు తెలీదు. ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయి, అట్టమీద పేరుతో. మొదటి పేజీ తిప్పకముందే ఆ పేరు పైకి చదివించుకుంది అమ్మ.

కొన్ని కుదరలేదు కూడా. మార్క్వెజ్ నవల వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్ నాకు ప్రాణం, కానీ చెవితో వినే పుస్తకం కాదది. తరతరాలకీ అవే పేర్లు. కల్నల్‌కి పదిహేడుమంది కొడుకులు, పదిహేడుమందికీ అవురెలియానో అనే పేరు. నాలుగు రాత్రుల తర్వాత అమ్మ "ఇక చాల్లే" అంది. కళ్ళతో చదివేవాళ్ళు మాత్రం వదలొద్దు. వంశవృక్షం ఉన్న పేజీలో వేలుపెట్టుకుని చదవండి.

టాల్‌స్టాయ్ రాసిన ద డెత్ ఆఫ్ ఇవాన్ ఇల్యిచ్ నేను కావాలనే దాచిపెట్టాను. 1886 నాటి చిన్న పుస్తకం, మంచంపట్టిన మనిషి కథ. అమ్మే ఎక్కడో రేడియోలో ఎవరో చెప్పగా విని అడిగింది. అందులో గెరాసిమ్ అని ఒక పల్లెటూరి పనివాడు ఉంటాడు. కాళ్ళు ఎత్తులో ఉంటే నొప్పి తగ్గుతుందని రోగి అంటే, ఆ కాళ్ళు తన భుజాలమీద పెట్టుకుని రాత్రంతా కూర్చుంటాడు. ఇంట్లో అందరూ జబ్బు తగ్గిపోతుందని అబద్ధమాడుతుంటే అతనొక్కడే ఆడడు. నేను భయపడిన పుస్తకాన్ని అమ్మ రెండోసారి చదివించుకుంది, గెరాసిమ్ వచ్చే పేజీలు మాత్రం మూడోసారి కూడా. పెద్దవాళ్ళ దగ్గర ఇలాంటివి దాచకండి. వాళ్ళకి తెలియనిదేం కాదు.

కథాసరిత్సాగరం పక్కన బుల్గాకోవ్ నవల ద మాస్టర్ అండ్ మార్గరీటా పెట్టుకుని చదవమంటాను. వింత జత అనిపిస్తుంది. మొదటిది పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసింది, మన బేతాళ కథలు కూడా అందులో ఉన్నాయి. దాని మొదట్లోనే గుణాఢ్యుడి కథ వస్తుంది. పందెంలో ఓడి, తనకొచ్చిన మూడు భాషలూ వదిలేసి, పైశాచీలో ఏడు లక్షల శ్లోకాలు తన రక్తంతో రాస్తాడు. శాతవాహన రాజు ఆ భాషని చూసి ఛీ అంటాడు. గుణాఢ్యుడు కొండమీద మంట వేసుకుని, ఒక్కో ఆకూ పైకి చదివి మంటలో వేస్తాడు. అడవిలో జంతువులన్నీ మేత మానేసి చుట్టూ చేరి కన్నీళ్ళు పెట్టుకుంటూ వింటాయి. రాజుగారి వంటింటికి వచ్చే మాంసం ఎండిపోయి ఉంటుంది. ఎందుకని ఆరా తీస్తే ఈ సంగతి బయటపడుతుంది. రాజు పరుగెత్తుకొచ్చేసరికి ఆరు లక్షలు కాలిపోయాయి, ఒక లక్ష మిగిలింది.

బుల్గాకోవ్ 1930లో తన నవల రాతప్రతిని తనే కాల్చేశాడు. మళ్ళీ మొదట్నుంచీ రాశాడు. 1940లో చనిపోయేదాకా దిద్దుతూనే ఉన్నాడు. భార్య ఎలెనా దాన్ని కాపాడింది. ఇరవై ఆరేళ్ళ తర్వాత, 1966లో, కత్తిరింపులతో ఒక మాస్కో పత్రికలో అచ్చవడం మొదలైంది. కథలో సైతాను మాస్కో నగరానికి వస్తాడు, వెంట పెద్ద నల్లపిల్లి. ఆ పిల్లి ట్రామ్ ఎక్కి టికెట్‌కి డబ్బులివ్వబోతుంది. పిల్లులకి ప్రవేశం లేదని కండక్టర్ కేకలేస్తుంది కానీ, పిల్లి డబ్బులివ్వడమేంటని అక్కడ ఒక్కరికీ ఆశ్చర్యం వెయ్యదు. అమ్మ ఆ పిల్లికోసమే నవల మొత్తం విన్నానంటుంది. నాకు మాత్రం, కాల్చేసిన ప్రతిని సైతాను చెక్కుచెదరకుండా తిరిగిచ్చే చోట, కొండమీద జింకల మధ్య కూర్చున్న గుణాఢ్యుడే కనిపించాడు.

ఆఖరుగా చెప్పేది, ఈ నెలలోనే పూర్తిచేసింది: ఉర్సులా లె గ్విన్ రాసిన ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ, 1968. చిన్న పుస్తకం. అంతా సముద్రం, దీవులు. అక్కడ మంత్రవిద్య అంటే పేర్లు తెలుసుకోవడమే. దేని అసలు పేరు తెలిస్తే దానిమీద పట్టు దొరుకుతుంది. అందుకే అక్కడ మనుషులు వాడుక పేరుతో తిరుగుతారు, అసలు పేరు ప్రాణమిచ్చేంత నమ్మకం ఉన్నవాళ్ళకే చెప్తారు. గెడ్ అనే కుర్రవాడు పొగరుతో చెయ్యకూడని మంత్రం వేసి ఒక నీడని లోకంలోకి వదిలేస్తాడు. గాయాల మచ్చలతో, తనమీద తనకే నమ్మకం పోయి ఉన్నప్పుడు స్నేహితుడు వచ్చి కూర్చుని, ఏ ఓదార్పూ చెప్పకుండా తన అసలు పేరు చెప్తాడు. అంతే. పుస్తకంలో మంత్రాలూ డ్రాగన్లూ చాలా ఉన్నాయి కానీ ఈ ఒక్క పేజీ కోసమే మీకు దీన్ని చదవమంటున్నాను. లె గ్విన్ వాక్యాలు పైకి చెప్పుకోవడానికే పుట్టినట్టుంటాయి, తెలుగులోకి మార్చుకుంటూ పోతున్నా ఎక్కడా తడబడలేదు.

ఆ పేజీ చదివిన రాత్రి అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు తొమ్మిదికి పుస్తకం తెరుస్తుంటే "ఆగు" అంది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ తనని ఒక పేరుతో పిలిచేదట. ఇంట్లో ఇంకెవరూ అలా పిలిచేవాళ్ళు కాదట. అమ్మమ్మ పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు. ఆ పేరు నాకు చెప్పింది. యాభై నాలుగేళ్ళు ఈ మనిషి కూతుర్నై ఉండి మొదటిసారి విన్నాను.

ఎర్త్‌సీ పద్ధతి ప్రకారం ఆ పేరు ఇక్కడ రాయను, నోట్‌బుక్‌లో కూడా రాయలేదు.

రేపట్నుంచి రెండో పుస్తకం, ద టూంబ్స్ ఆఫ్ అటువాన్. అందులో ఒక చిన్నపిల్లని గుడికి తీసుకెళ్ళి, దేవతలకి అర్పించి, ఆ పిల్ల పేరు లాగేసుకుంటారని అమ్మకి ముందే చెప్పాను.

"ఎవరే లాక్కునేది?" అంది అమ్మ, అప్పుడే కోపంగా.